షాన్‌వాక్-బి

షాన్‌వాక్-బి హెపటైటిస్-బి వ్యాధి రాకుండా నివారించే టీకామందు. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దీనిని 1997 ఆగష్టులో విడుదల చేసినది. జన్యు పునఃసంయోజన పద్ధతిలో భారతదేశములో రూపొంది విపణిలోకి వచ్చిన మొట్టమొదటి ఉత్పత్తి ఇదే. అంతకు ముందు విదేశముల నుండి దిగుమతి అయ్యే ఇటువంటి టీకా ఒక్కొక్క మోతాదు ఏడువందల రూపాయలకు పైబడి పలికేది. షాన్‌వాక్-బి 50 రూపాయలకు లభించినది. ధర తగ్గినంత మాత్రమున టీకా ప్రతి శిశువుకు చేరదు. నల్గొండ, మహబూబ్ నగర్ వంటి మెట్ట జిల్లాలలో అది చేరిన తీరును బట్టి ఈ విషయము బాగుగా తెలుస్తుంది.

వ్యాధి

హెపటైటిస్-బి కాలేయమునకు సోకే వైరస్ వ్యాధి. రక్తము ద్వారా, శుద్ధి చేయని సూదుల ద్వారా, లైంగిక సంపర్కము ద్వారా, కాన్పు సమయములో తల్లి నుండి బిడ్డకు ఇది సంక్రమిస్తుంది. పల్లెలలో కామెర్లు అన్నిటినీ ఒకే జబ్బుగా భావించి పసరు మందు పోయించుట ఇప్పటికీ ఉన్నది. కలుషిత నీటి వలన వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలా మందిలో వాటంతట అవే తగ్గిపోవును గనుక ఆ పేరు పసరుకు దక్కుతుంది. హెపటైటిస్-బి అటువంటిది కాదు. అది కొందరి శరీరములో ఏండ్ల తరబడి లక్షణములేవీ లేకుండా నిలిచి, చివరకు కాలేయము గట్టిపడుటకో, కాలేయ క్యాన్సరుకో దారి తీస్తుంది.

ఏ వయసులో సోకినది అన్నదానిపై దీని గతి ఆధారపడి ఉంటుంది. పెద్దవారికి సోకితే నూటికి తొంభై అయిదుగురు పైగా కోలుకుంటారు. పుట్టిన బిడ్డకు తల్లి నుండి సోకితే సుమారు 90 శాతము మందిలో అది జీవితాంతము ఉండిపోతుంది. అందువలననే మొదటి మోతాదును పుట్టిన 24 గంటలలోపు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ సంస్థ అంచనా ప్రకారము 2022లో ప్రపంచములో 25 కోట్ల 40 లక్షల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. వారిలో దాదాపు మూడు కోట్ల మంది భారతీయులు.

చరిత్ర

ఈ వైరస్‌కు సంబంధించిన ప్రోటీనును 1960వ దశకములో గుర్తించినందుకు అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి లభించినది. వ్యాధిగ్రస్తుల రక్తరసము నుండి తీసిన మొదటి టీకా 1981లోను, ఈస్టు కణములలో తయారుచేసిన టీకా 1986లోను అమెరికాలో అనుమతి పొందినవి. 1992లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ టీకాను 1997 నాటికి అన్ని దేశములు తమ సార్వత్రిక టీకాల కార్యక్రమములలో చేర్చుకోవాలని తీర్మానించినది. తీర్మానము చేయుట సులభమే కాని, మూడు మోతాదులకు రెండు వేల రూపాయలకు పైగా ఖర్చయ్యే టీకాను కోట్లాది శిశువులకు వేయించగల స్థోమత అప్పటి భారత ప్రభుత్వమునకు లేదు.

శాంతా బయోటెక్నిక్స్ స్థాపకుడు కె.ఐ.వరప్రసాద రెడ్డి నెల్లూరు జిల్లాకు చెందినవారు. ఆయన జీవశాస్త్రవేత్త కాదు, ఔషధ నిపుణుడూ కాదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1992లో జెనీవాలో జరిగిన ఒక సదస్సులో ఈ టీకా గురించి విన్నానని, సాంకేతిక పరిజ్ఞానము కొరకు ఒక విదేశీ సంస్థను అడిగినప్పుడు భారతీయులకు అది కొనే శక్తి గాని, నేర్చుకునే శక్తి గాని లేదన్న భావముతో తనను తిరస్కరించారని ఆయన తరువాతి కాలములో పలుమార్లు చెప్పియున్నారు. 1993లో తన తల్లి శాంతమ్మ పేరిట సంస్థను ప్రారంభించారు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, పిదప సి.సి.ఎం.బి. ఆవరణలోను సాగినది. ఫలితము ఎప్పుడు వచ్చునో తెలియని పరిశోధనకు పెట్టుబడి దొరకుట కష్టమైనది. చివరకు ఒమన్ దేశపు విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టుటతో ఆ కష్టము తీరినది. మేడ్చల్ వద్ద కర్మాగారము నెలకొన్నది. వరప్రసాద రెడ్డికి 2005లో పద్మభూషణ్ పురస్కారము లభించినది.

తయారీ విధానము

వైరస్ ఉపరితలముపై ఉండే ఒక ప్రోటీనును శరీరమునకు ముందుగా పరిచయము చేస్తే చాలు, అసలు వైరస్ వచ్చినప్పుడు శరీరము దానిని గుర్తించి ఎదుర్కొంటుంది. ఆ ప్రోటీనుకు సంబంధించిన జన్యువును మాత్రమే వేరుచేసి ఈస్టు కణములో ప్రవేశపెడతారు. షాన్‌వాక్-బి కొరకు వాడినది పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. ఇది మిథనాలును ఆహారముగా తీసుకొని ప్రోటీనును విరివిగా ఉత్పత్తి చేస్తుంది. ఆ ప్రోటీనును శుద్ధి చేసి, అల్యూమినియం హైడ్రాక్సైడ్ రేణువులకు అంటుకొనునట్లు చేసి సీసాలలో నింపుతారు. ఇందులో సజీవ వైరస్ ఉండదు గనుక టీకా వలన వ్యాధి సోకే ప్రసక్తి లేదు.

ధర

50 రూపాయల ధర సంచలనము కలిగించినా, అది అక్కడితో ఆగలేదు. 1998లో హైదరాబాదుకే చెందిన భారత్ బయోటెక్ రివాక్-బి పేరుతో తన టీకాను తెచ్చినది. తరువాత మరికొన్ని భారతీయ సంస్థలు రంగములో దిగినవి. పోటీ పెరిగిన కొలది ప్రభుత్వములు, యునిసెఫ్ పెద్ద మొత్తములో కొనే ధర మరింత పడిపోయినది. 2002లో షాన్‌వాక్-బి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందినది. సాధారణముగా ఈ అర్హత లేనిదే యునిసెఫ్ టీకాలను కొనదు. దీనితో హైదరాబాదు టీకా ఇతర పేద దేశముల పిల్లలకు సైతము చేరుటకు మార్గము ఏర్పడినది. ఒక దాత ఔదార్యము వలన గాక, తయారీదారులు అనేకులైనందువలన ధర తగ్గినదని గమనించవలెను.

నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలలో

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2000 తరువాత గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాత్ అనే సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి టీకాల కార్యక్రమమును బలపరచే పథకమును నడిపినది. హెపటైటిస్-బి టీకాను సాధారణ టీకాలలో చేర్చుట అందులో ఒక భాగము. కేంద్ర ప్రభుత్వము 2002-03లో కొన్ని నగరములు, జిల్లాలలో ప్రయోగాత్మకముగా మొదలుపెట్టి, 2007-08లో ఆంధ్ర ప్రదేశ్‌తో సహా పది రాష్ట్రములకు, 2011లో దేశమంతటికీ దీనిని విస్తరించినది. అంటే చవకైన టీకా పక్కనే హైదరాబాదులో తయారైన పదేండ్లకు గాని అది రాష్ట్ర శిశువులందరి హక్కు కాలేదు.

ఆ పదేండ్లలో పట్టణములలో డబ్బు చెల్లించి వేయించుకున్నవారు ఉన్నారు. మెట్ట పల్లెలలో ఉచితముగా వేసేవే ప్రధానముగా అందేవి. ఉచితము అయిన తరువాత కూడ మొదటి మోతాదు ఒక చిక్కు తెచ్చిపెట్టినది. బిడ్డ పుట్టిన 24 గంటలలో వేయవలసిన టీకా, ఇంటివద్ద కాన్పు జరిగితే అందదు. దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాలు, అచ్చంపేట, అమ్రాబాదు వైపు నల్లమల లోపలి చెంచు పెంటలు ఆసుపత్రికి దూరము. ఏ.ఎన్.ఎం. మరుసటి వారము వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. ఆసుపత్రి కాన్పులు పెరుగుటయే దీనికి అసలు పరిష్కారము. 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్, ఆశా కార్యకర్తల నియామకము ఇందుకు తోడ్పడినవి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము ప్రవేశపెట్టిన కె.సి.ఆర్. కిట్ పథకములో తల్లికి ఇచ్చే 12 వేల రూపాయలను (ఆడపిల్ల అయితే 13 వేలు) విడతలుగా ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుతోను, బిడ్డ టీకాలతోను ముడిపెట్టారు.

రెండవ చిక్కు వలస. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట ముంబై, పూణె, బెంగుళూరు వంటి చోట్లకు పోవుట తరతరముల నుండి ఉన్నదే. ఆరు, పది, పద్నాలుగు వారములకు వేయవలసిన మోతాదులలో ఒకటి సొంత ఊరిలో, ఒకటి ఎక్కడో రోడ్డు పని జరిగే చోట పడవలసి వస్తుంది, లేదా అసలే పడదు. ఊరి రిజిస్టరులో బిడ్డ పేరు ఉంటుంది, బిడ్డ ఉండదు. పనిచోటున బిడ్డ ఉంటుంది, రిజిస్టరులో పేరు ఉండదు. తల్లి చేతిలోని టీకాల కార్డు ఒక్కటే ఈ రెంటిని కలిపే ఆధారము. మొత్తము జిల్లా సగటు బాగున్నట్లు కనబడినా తప్పిపోయిన పిల్లలు ఈ కుటుంబములలోనే ఎక్కువగా ఉండగలరు.

మూడవది నిల్వ. వేసవిలో ఎండలు మండే ఈ జిల్లాలలో టీకా వేడికి చెడిపోవునని ఎవరికైనా తోచుతుంది. హెపటైటిస్-బి టీకా విషయములో దీనికి విరుద్ధముగా, గడ్డకట్టుట ఎక్కువ ప్రమాదము. నిల్వకు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ నియమమే అయినను, ఇది కొద్ది రోజుల వేడిని తట్టుకోగలదు. సున్నా డిగ్రీల కంటె కొంచెము దిగువకు పోతే మాత్రము అల్యూమినియం రేణువులు ముద్దకట్టి మందు నిష్ఫలమవుతుంది. ఎండకు భయపడి అప్పుడే తీసిన గట్టి మంచు ప్యాకుల నడుమ సీసాలను సర్దితే జరిగేది ఇదే. అందుకని మంచు ప్యాకును బయట ఉంచి, ఊపినప్పుడు లోపల నీటి చప్పుడు వినిపించిన తరువాతనే క్యారియరులో పెట్టాలని సిబ్బందికి నేర్పుతారు. అనుమానము వస్తే సీసాను ఊపి చూస్తారు. గడ్డకట్టి కరిగిన మందులో మడ్డి త్వరగా అడుగునకు దిగుతుంది. అటువంటి సీసాను పారవేయవలెను.

2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులలో మొదలై 2015 నాటికి దేశమంతటా అయిదు వ్యాధుల టీకా అయిన పెంటావాలెంట్ అమలులోకి వచ్చినది. అప్పటి నుండి పుట్టినప్పటి మోతాదు మాత్రమే విడిగా, మిగిలినవి ఆ టీకాలో కలిపి వేస్తున్నారు. 2016 జిల్లాల పునర్విభజనలో ఈ రెండు జిల్లాలు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల మొదలగునవిగా విడిపోయినవి. కనుక పాత, కొత్త లెక్కలను నేరుగా పోల్చరాదు.

తరువాతి పరిణామములు

2006లో ఫ్రాన్సుకు చెందిన మెరియూ సంస్థ శాంతాలో 60 శాతము వాటా కొన్నది. 2009లో అది సనోఫీ చేతికి పోయినది. సంస్థ తయారుచేసిన షాన్-5 అనే అయిదు వ్యాధుల టీకా సీసాలు కొన్నింటిలో తెల్లని మడ్డి కనబడుటతో 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని అర్హతను రద్దు చేసినది. యునిసెఫ్ కొనుగోలు ఆగిపోయినది. నాలుగేండ్ల పిమ్మట, 2014లో, తిరిగి అర్హత లభించినది.

శాంతా వారి మరొక టీకా షాన్‌కాల్ నోటి ద్వారా ఇచ్చే కలరా మందు. సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ సహకారముతో రూపొంది 2009లో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత పొందినది. 2012లో హైతీలో వాడబడినది. దీని తయారీని 2023 చివరికి నిలిపివేయనున్నట్లు సనోఫీ 2020లో ప్రకటించినది. ఆ తరువాత ప్రపంచమునకు కలరా టీకా సరఫరా చాలా వరకు ఒక్క దక్షిణ కొరియా సంస్థపై ఆధారపడినది. 2024 ఆగష్టులో భారత్ బయోటెక్ హిల్‌కాల్ పేరుతో మరొక నోటి కలరా టీకాను విడుదల చేసినది.