కారులో కూర్చుండుట – హైబ్రిడ్, విద్యుత్తు బండ్లలోని చోటు



మా అమ్మాయి ఇంగ్లండులో కాపురమున్నది. గత వేసవిలో నేనును మా యింటి యామెయు అచ్చట రెండు మాసములు గడపితిమి. అప్పుడు వారు పాత కారు మార్చ దలచి యుండిరి. "నాన్నగారూ, హైబ్రిడ్ తీసుకోమంటారా, కరెంటు బండి తీసుకోమంటారా? వెనక కూర్చునేది మీరూ అమ్మే గదా" అని మా అమ్మాయి నన్నడిగినది. నేను వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను గాని యంత్రశాస్త్ర మెఱిగినవాడను గాను. అయినను మా యామె మోకాళ్ళ నొప్పి ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయనీయలేదు. అల్లుడుగారితో కూడ నాలుగైదు అంగళ్ళు తిరిగి, బండి బండిలోను కూర్చుండి చూచితిమి. అప్పుడు తెలిసికొన్న విషయములనే నేడు మనవి చేయుచున్నాను.

ముందుగా మాటల యర్థములు. హ్యాచ్‌బ్యాక్ అనగా డిక్కీ వేరుగా వెనుకకు పొడుచుకొని రాక, వెనుక తలుపు అద్దముతో సహా పైకి లేచు పొట్టి కారు. హైబ్రిడ్ అనగా పెట్రోలు ఇంజను, విద్యుత్తు మోటారు రెండును గలది. సామాన్యముగా దాని బ్యాటరీ చిన్నది. విద్యుత్తు కారున ఇంజను లేదు. బ్యాటరీ మిక్కిలి పెద్దది. ఆ బ్యాటరీని ఎచ్చట నుంచిరి అనుదానిపైననే వెనుక కూర్చుండువాని సుఖము చాలవఱకు ఆధారపడి యున్నది.

విద్యుత్తు మోటారు చిన్నది గనుక బండి ముక్కు కుఱుచగా చేయవచ్చును; ఇరుసులను రెండు కొసలకు జరుపవచ్చును. వోక్స్‌వ్యాగన్ వారి గోల్ఫ్ అను ఇంజను బండియు, 2020లో విపణికి వచ్చిన ఐడీ.3 అను విద్యుత్తు బండియు పొడవున ఇంచుమించు సమానము, రెండును 4.3 మీటర్లకు లోపే. కాని ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడిమి దూరము విద్యుత్తు బండిలో సుమారు 13 సెంటీమీటర్లు అధికము. బెత్తెడున్నరకు పైమాటే. ఆ లాభము ముఖ్యముగా వెనుకవారి మోకాళ్ళకు దక్కును. పొగగొట్టము లేదు గనుక నేల నడుమ గట్టును లేదు. మధ్య కూర్చుండువాడు కాళ్ళు చెఱియొక ప్రక్కకు వేసికొన నక్కఱలేదు.

ఇంతవఱకు విన్నవారు విద్యుత్తు బండియే మేలని తలతురు. నేనును మొదట అట్లే తలచితిని. కాని ఒక విద్యుత్తు బండిలో, మోకాళ్ళ ముందు ఎంత చోటున్నను, పావుగంటకే నాకు నడుము పట్టినది. కారణము వెదకగా అది పాదముల క్రింద దొరకినది.

ఆ బండ్లలో బ్యాటరీ పలకవలె నేల క్రింద పఱచబడి యుండును. 2022లో వచ్చిన ఎంజీ 4 అను బండి బ్యాటరీ పలుచనిదని ప్రసిద్ధి. దాని మందము 11 సెంటీమీటర్లు. పలుచనిదే అంత! నేల ఆ మేరకు పైకి లేచును. కప్పును కూడ అంత యెత్తుచేసినచో గాలి అడ్డగించి, బ్యాటరీ త్వరగా తఱుగును. కావున సీటును నేలతోపాటు ఎత్తలేక కొంత తగ్గింతురు. మడమకును సీటునకును నడిమి ఎత్తు తఱుగును. దీని ఫలము మనకు తెలియనిది కాదు. కుర్చీలో కూర్చుండినప్పుడు తొడలు బలకు ఆనుకొని బరువు పంచుకొనును. పీటపై కూర్చుండినప్పుడు మోకాళ్ళు పైకి లేచి, బరువంతయు పిఱ్ఱల ఎముకలపైనను నడుముపైనను పడును. భోజనమునకు పీట చాలును. నూఱు మైళ్ళ ప్రయాణమునకు చాలదు.

హైబ్రిడ్ సంగతి వేఱు. టొయోటా వారి యారిస్ హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీని వెనుక సీటు క్రిందనే ఇమిడ్చిరి. నేల క్రిందుగానే నిలిచినది. పాదములు దిగును, తొడలు ఆనును. అయితే దాని పొడవు 4 మీటర్లకు లోపు. మోకాళ్ళ ముందు చోటు స్వల్పము. హోండా వారి జాజ్ మఱియొక యుక్తి. పెట్రోలు ట్యాంకును ముందు సీట్ల క్రిందికి జరిపిరి గనుక వెనుక చోటు విశాలమైనది; వెనుక సీటు అడుగు పలకను పైకి మడిచి, బస్తాను నిలువుగా పెట్టవచ్చును. 2020 నాటి జాజ్‌లో హైబ్రిడ్ యంత్రము చేరినను ఆ సౌకర్యము పోలేదు. అట్లని హైబ్రిడ్‌లన్నియు ఒకటి గావు. గోడకు తగిలించి విద్యుత్తు నింపుకొను హైబ్రిడ్‌లకు బ్యాటరీ పెద్దది. ఆ రకపు గోల్ఫ్‌లో, సుమారు 380 లీటర్ల డిక్కీ సుమారు 270కి దిగినది. సీటు దక్కినది, సామాను చోటు పోయినది.

మన దేశపు బండ్లను గూర్చి రెండు మాటలు. 2022లో వచ్చిన టాటా టియాగో విద్యుత్తు బండి పెట్రోలు బండి దేహముతోనే చేసినది. ఇరుసుల దూరము రెంటికిని 2.4 మీటర్లే. విద్యుత్తు బండి యైనంతమాత్రమున చోటు పెరుగదనుటకు ఇది తార్కాణము. 2023 నాటి ఎంజీ కామెట్ 3 మీటర్లకు లోపు. ఉన్నవి రెండే తలుపులు. వెనుకకు పోవలెనన్న ముందు సీటును జరిపి దూఱవలెను. పడుచువారికి అది వినోదము.

పిల్లలు బండి చూపించునప్పుడు మీరు ఈ పరీక్ష చేయుడు. తోలువాడు తనకు కావలసినట్లు ముందు సీటు సర్దుకొన్న పిమ్మట, చెప్పులతోనే వెనుక కూర్చుండుడు. తొడ క్రింద, మోకాటికి దగ్గఱగా, అరచేయి దూర్చి చూడుడు. చేయి వదులుగా ఆడినచో అది పీట; తొడ బరువు చేతికి తగిలినచో అది కుర్చీ. పాదములు ముందు సీటు క్రిందికి పోవునో లేదో చూడుడు. తుదకు, ఎవరి సాయము లేక ఒక్కరే దిగి చూడుడు. పది నిమిషములకు తక్కువ కూర్చుండిన ఏ బండియైనను బాగుగనే యుండును.

మా యామె హోండా హైబ్రిడ్‌లో పది నిమిషములు కూర్చుండి, మోకాళ్ళ మాట యెత్తక, కూరగాయల సంచి ఎచ్చట పెట్టవలెనని యడిగినది. అల్లుడుగారు ఆ సాయంకాలమే బయానా ఇచ్చిరి.