ఒరిగినా సమాంతరమే

మా తాతగారింట్లో నులక మంచం ఉండేది. కోళ్లలో పట్టెలు వదులైతే చాలు, వంకరపోయేది. కొత్త నులక అల్లే ముందు తాత ఒక తాడుతో మూల నుంచి ఎదురు మూలకి కొలిచేవాడు, తర్వాత మిగిలిన రెండు మూలలకీ. రెండు కొలతలూ కలిస్తేనే అల్లిక మొదలు. పునాదికి ముగ్గు పోసే మేస్త్రీలు చూసుకునేదీ ఇదే.

వంకరపోయిన ఆ మంచమే సమాంతర చతుర్భుజం. ఆరడుగుల పట్టెలు రెండు, మూడడుగులవి రెండు. ఎంత ఒరిగినా ఎదురెదురు పట్టెలు సమానంగా, సమాంతరంగానే ఉంటాయి. ఎదురు మూలల కోణాలూ సమానమే. చుట్టుకొలత 18 అడుగులు, అదీ మారదు. పడుకునే చోటు మాత్రం తగ్గిపోతుంది. వైశాల్యం అంటే భూమిని ఎత్తుతో గుణించాలి. పిల్లలు తడబడేది ఇక్కడే: ఎత్తంటే పొట్టి పట్టె పొడవు కాదు, పొడుగు పట్టెల మధ్య నిటారు దూరం. ఒక మూల 30 డిగ్రీలకు నొక్కుకుపోయిందనుకోండి, ఆ దూరం ఒకటిన్నర అడుగే. 18 చదరపు అడుగుల మంచం 9కి దిగుతుంది.

తాత తాడుతో కొలిచినవి కర్ణాలు. మంచం ఒరిగినకొద్దీ ఒకటి సాగుతుంది, రెండోది కుంచించుకుంటుంది. అయినా ఒకదాన్నొకటి సరిగ్గా సగానికి కోసుకుంటూనే ఉంటాయి. నాకు ఎప్పటికీ ఆశ్చర్యమనిపించేది మరొకటుంది: రెండు కర్ణాల వర్గాలు కలిపితే నాలుగు పట్టెల వర్గాల మొత్తమే వస్తుంది. ఈ మంచానికి అది 90. ఎంత వంచినా 90.

కర్ణం వెంట ఒక్క చెక్క కొడితే ఈ కదలిక ఆగిపోతుంది. చట్రం రెండు త్రిభుజాలవుతుంది, త్రిభుజం ఒరగదు. చెక్క గేట్లకు ఏటవాలు పట్టీ అందుకే. కానీ ఆ కదలికే కావలసిన చోటు కూడా ఉంది.

ఎలక్ట్రానిక్ కాటాలు రాకముందు కిరాణా కొట్టు బల్లమీద, పళ్లేలు పైకి ఉండే త్రాసు గుర్తుందా? దాని మూలం 1669లో ఫ్రెంచి గణితవేత్త రోబెర్వాల్ పారిస్ సైన్స్ అకాడమీ ముందుంచిన త్రాసు. పైనొక దండె, కింద అంతే పొడవున్న మరో దండె. రెండూ మధ్య స్తంభానికి కీలుతో తగిలించి ఉంటాయి. వాటి కొసలను కలుపుతూ అటూ ఇటూ ఒక్కో నిలువు కడ్డీ, దానిమీద పళ్లెం. దండెలు వాలినా కడ్డీలు స్తంభానికి సమాంతరం తప్పవు, కాబట్టి పళ్లెం వాలకుండా పైకీ కిందికీ వెళ్తుంది. పళ్లెంలో ప్రతి చోటూ ఒకే ఎత్తు లేచి, ఒకే ఎత్తు దిగుతుంది. అందుకే బెల్లం దిమ్మ నడుమ పెట్టినా అంచున పెట్టినా తూకం ఒక్కటే.