పొగాకు రైతు – ప్రజారోగ్యము

పొగాకు మన నేలలో పుట్టిన మొక్క కాదు. పోర్చుగీసు వర్తకుల యోడలలో వచ్చి, నాలుగు శతాబ్దములలో చుట్టయై, బీడీయై, నస్యమై, ఖైనీయై మన యిండ్లలో స్థిరపడినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు చుట్టను వెలిగించి, నిప్పున్న కొనను నోటిలోనుంచుకొని పీల్చెడి అడ్డపొగ యాచారమెల్లర కెఱుకయే. దానివలన అంగుటిలో పుండ్లు, క్యాన్సరు గలుగుచున్నవని వైద్యులు దశాబ్దములుగా ఘోషించుచునే యున్నారు.

ప్రభుత్వము ఊరకున్నదని చెప్పజాలము. 2003లో శాసనము వచ్చినది. 2008 అక్టోబరు 2వ తేదీనుండి, అనగా గాంధీజయంతినాటినుండి, బహిరంగ స్థలములలో ధూమపానమును నిషేధించు నూతన నియమములు అమలులోనికి వచ్చినవి. పొగత్రాగుటకై బాల్యమున నౌకరు కాసులు దొంగిలించితినని ఆత్మకథలో నొప్పుకొనిన మహాత్ముని జన్మదినమునకు ఇంతకంటె తగిన కానుక యేమి? 2016నుండి పెట్టెలపై నూటికి 85 పాళ్లు హెచ్చరిక బొమ్మలే యుండవలెను. 2009–10లో వయోజనులలో నూటికి 34.6 మంది పొగాకు వాడుచుండగా, 2016–17 నాటికి 28.6కు తగ్గిరి. ప్రయత్నము ఫలించునన్నమాట.

కాని లోపములు పెక్కులు. కిళ్లీకొట్టులో విడిగా నొక్క సిగరెట్టు కొనువాడు పెట్టెమీది బొమ్మను చూడనే చూడడు. పదునెనిమిదేండ్లు నిండనివారి కమ్మరాదు, విద్యాలయములకు నూరుగజములలోపల నమ్మరాదు అను నిబంధనను పాటించువారెందఱో పాఠకులే తమ వీధిని పరికించి చెప్పవచ్చును.

ఇక మన పాఠకులలో ననేకులకు నొప్పి కలిగించు సంగతి. ప్రకాశము, నెల్లూరు, గోదావరి మండలములలో ఈ పంటపై బ్రదుకు రైతులు వేలకొలది యున్నారు. పొగాకు బోర్డు గుంటూరుననే కలదు. పొగాకు వలదన్నచో రైతు గతి యేమని వారడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. అయితే తడి యాకు కోయు కూలివానికి తలతిరుగుడు, వాంతులు కలిగించునదియు ఈ పంటయే; బ్యారనులలో కట్టెలను మ్రింగునదియు ఇదియే; ధర పడిపోయిన యేట రైతును అప్పులలో ముంచునదియు ఇదియే. కావున రైతు హితమును, రోగి హితమును పరస్పర శత్రువులుగా నిలుపుట వర్తకుని వాదమేగాని రైతు వాదము గాదు.

2005లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ యొడంబడిక సాగుదారులకు ప్రత్యామ్నాయములు చూపవలెనని చెప్పుచున్నది. భారతదేశమును అందు భాగస్వామియే. పొగాకుపై పన్ను వసూలుచేయు ప్రభుత్వము అందులో కొంత భాగమును, మానదలచినవారికి వైద్యసాయమునకును, మాఱదలచిన రైతునకు విత్తనము, ఋణము, గిట్టుబాటు ధర కల్పించుటకును వెచ్చించుట ధర్మము. ప్రకాశము నల్లరేగళ్లలో శనగ పొగాకు స్థానమును కొంత యాక్రమించియే యున్నది, మార్గము లేకపోలేదు.

భూస్వాములారా! ప్రభుత్వము కదలువఱకు వేచియుండనక్కఱలేదు. మీ పొలమున నొక భాగముతో నీ మార్పు నారంభింపుడు. మీ యింటి యరుగుమీద చుట్ట నార్పుడు. పిల్లలు చూచుచున్నారు.