సాంచా మోటారు : సామర్థ్యము, వేడిమి, దక్షత

మానేరు కీవలి యొడ్డున తంగళ్ళపల్లి, ఆవలి యొడ్డున సిరిసిల్ల. ఈ రెండూళ్ల నడుమ తిరుగువారికి సాంచాల చప్పుడు వినబడని దినము శుభదినము కాదు. ఏలననగా ఆ చప్పుడాగెనన్న కార్ఖానాలో కూలి ఆగెననియే యర్థము. మరమగ్గమును మన ప్రాంతమున సాంచా యందురు. నాడె యటునిటు పరుగెత్తుట యందఱును చూచుచుందురు గాని, దానిని పరుగెత్తించు మోటారును చూచువారు కొందఱే. మగ్గము క్రింద నొక మూల, నూలు దుమ్ము కప్పుకొని యది యూరక తిరుగుచుండును. కాలిపోయిన నాడు మాత్రమే అందఱి చూపును దానిమీద పడును. అట్టి మోటారు చేయు పని యెంత, అందు వేడిగా పోవునది యెంత, ఒక మోటారునకు మఱియొక మోటారునకు భేదమేమి యను విషయములను బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

మన ప్రాంతమున గ్రామములకు విద్యుత్తు నందించుటకై సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970వ సంవత్సరమున స్థాపింపబడెను. సభ్యులే యజమానులుగా విద్యుత్తును పంచుకొను ఇట్టి సంఘములు దేశమున మిక్కిలి యరుదు. బద్దెనపల్లి యొద్దనున్న టెక్స్‌టైల్ పార్కులోని పెద్ద యంత్రములు మొదలుకొని ఇంటి ముంగిటి రేకుల షెడ్డులోని నాలుగు సాంచాల వఱకు అన్నిటికిని విద్యుత్తే ప్రాణము. కావున దాని నెట్లు వాడుచున్నామో తెలిసికొనుట మనకు వినోదము కాదు, అవసరము.

మొదట మోటారు పుట్టుక. 1821లో ఇంగ్లండు దేశీయుడగు మైకేల్ ఫారడే, విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టును తిరుగునని చేసి చూపెను. 1888లో నికోలా టెస్లా, తీగచుట్టలలో విద్యుత్తును వరుసగా మార్చుటచే తిరుగునట్టి అయస్కాంత క్షేత్రమును పుట్టించు మోటారునకు అమెరికాలో హక్కుపత్రము పొందెను. మరుసటి సంవత్సరమే దోలివో దొబ్రోవోల్‌స్కీ యను నింజనీరు మూడు ఫేజుల మోటారును రూపొందించెను. నేడు మన సాంచాల క్రింద తిరుగునది దాని సంతతియే. ఇందు బయటి భాగము కదలదు. దానిలో రాగితీగ చుట్టలుండును. లోపలి భాగమునకు తీగ తగిలింపనక్కఱలేదు. బయట తిరుగు క్షేత్రమును చూచి, దానిని పట్టుకొనవలెనని తరిమినట్లు అది తిరుగును. ఎన్నటికిని పట్టుకొనజాలదు. మన దేశమున విద్యుత్తు క్షణమునకు 50 మారులు మాఱును గనుక, నాలుగు ధ్రువముల మోటారులో క్షేత్రము నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. బరువు మోయు మోటారు మాత్రము సుమారు 1400 చుట్లే తిరుగును. ఆ వెనుకబాటే దాని బలమునకు మూలము. దాని వేడికిని కొంత కారణము.

ఇక సామర్థ్యము. ఒక గుఱ్ఱపు బలమనగా, అనగా ఒక హెచ్.పి. యనగా, 746 వాట్లు. మోటారుపై బిగించిన పలకమీద హెచ్.పి. యని చెక్కబడిన సంఖ్య, అది మగ్గమునకిచ్చు పనిని తెలుపునే గాని, మీటరునుండి తీసికొను విద్యుత్తును తెలుపదు. ఈ భేదమును పెక్కుమంది గమనింపరు. కూలివానికి పెట్టు అన్నము వేఱు, అతడు చేయు పని వేఱు గదా! అట్లే మోటారు తినునది యెల్లప్పుడును అది చేయుదానికన్న నధికము. తినినదానిలో పనిగా మాఱిన భాగమునకే దక్షత యని పేరు. నూఱు వాట్లు తీసికొని ఎనుబది వాట్ల పని చేసిన మోటారు దక్షత నూటికి ఎనుబది. తక్కిన యిరువదియు వేడిగా మాఱును. మధ్య నేదియు మాయము కాదు.

ఆ వేడి మూడు చోట్ల పుట్టును. మొదటిది, రాగితీగలోను లోపలి కడ్డీలలోను విద్యుత్తు ప్రవహించుటవలన. రెండవది, ఇనుప రేకుల దొంతరలో అయస్కాంతత్వము క్షణక్షణము తలక్రిందులగుటవలన. మూడవది, బేరింగుల ఒరయికవలనను, గాలిని చిమ్ము పంకావలనను. వీనిలో మొదటిది మిక్కిలి కఠినమైనది. జేమ్స్ జౌల్ 1840 ప్రాంతమున కనుగొనిన నియమము ప్రకారము తీగలో పుట్టు వేడి, విద్యుత్ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగును. ప్రవాహము రెండింతలైన వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. నిలిచియున్న మోటారును నడుప మొదలిడు నప్పుడు ప్రవాహము మామూలునకు ఐదారింతలగును. అనగా ఆ కొలది క్షణములు తీగలోని వేడి ఇరువదియైదు మొదలు ముప్పదియాఱింతల వఱకు పోవును. పోగు తెగినప్పుడెల్ల మోటారునే ఆపి మరల నడుపు సాంచాలలో ఈ దెబ్బ దినమునకు ఎన్ని మారులు తగులునో పాఠకులే ఊహింపగలరు. కావుననే మగ్గపు మోటారు, నీటి పంపు మోటారువంటిది కాదు. పంపు ఉదయము నడిపిన సాయంత్రము వఱకు ఒకే బరువు మోయును. సాంచాలో నాడె నిమిషమునకు నూటికి పైగా మారులు విసరబడును. ప్రతి విసరునకును బరువు ఎగసి పడును.

తీగలకు పూసిన లక్కవంటి పూతయు, వాని నడుమ పెట్టిన కాగితపు పొరలును మోటారునకు ఆయుష్షు. ఇవి ఓర్చు వేడిని బట్టి తరగతులు ఏర్పఱుపబడినవి. బి తరగతి 130 డిగ్రీల వఱకును, ఎఫ్ తరగతి 155 డిగ్రీల వఱకును, హెచ్ తరగతి 180 డిగ్రీల వఱకును ఓర్చును. హద్దునకు పైన పది డిగ్రీలు పెరిగినచో పూత ఆయుష్షు సుమారు సగమగునని ఇంజనీర్ల వాడుక లెక్క. ఇక మన కార్ఖానాల సంగతి చూడుడు. వైశాఖమాసపు ఎండలో రేకుల క్రింద గాలియే కాగియుండును. మోటారు పైతొడుగుమీద నూలు దుమ్ము కంబళివలె పేరుకొనును. మనుష్యుడు జ్వరముతో కంబళి కప్పుకొని యెండలో నిలిచినట్లుండును ఆ మోటారు స్థితి.

దీనికి తోడు విద్యుత్ సరఫరా దోషములు రెండు. వోల్టేజి పదింట ఒక పాలు తగ్గిన, అదే బరువును మోయుటకు మోటారు దాదాపు పదింట ఒక పాలు అధిక ప్రవాహమును లాగును. తీగలోని వేడి నూటికి ఇరువది పైగా పెరుగును. మూడు ఫేజులలో నొకటి పోయిన మఱింత అపాయము. అప్పటికే తిరుగుచున్న మోటారు ఆగదు. గొణుగుచు తిరుగుచునే యుండును. మిగిలిన తీగలలో ప్రవాహము సుమారు ఒకటి ముప్పాతిక రెట్లగును, వేడి మూడు రెట్లగును. తగిన రక్షక సాధనము లేనిచో కొంతసేపటిలోనే కమురు వాసన వచ్చును. మోటారులు మాడుటకు ఇది మిక్కిలి తఱచైన కారణము.

ఇప్పుడు మోటారులను పోల్చి చూతము. మోటారుల దక్షతను తెలుపు తరగతులు ప్రపంచమంతటను ఒకే తీరున కలవు. వానిని ఐ.ఇ. 1, ఐ.ఇ. 2, ఐ.ఇ. 3, ఐ.ఇ. 4 అని వ్యవహరింతురు. సుమారు ఒక హెచ్.పి., అనగా 750 వాట్లు, నాలుగు ధ్రువముల మోటారునకు పూర్ణభారమున ఉండవలసిన దక్షత ఇది: ఐ.ఇ. 1కి నూటికి 72.1, ఐ.ఇ. 2కి 79.6, ఐ.ఇ. 3కి 82.5, ఐ.ఇ. 4కి 85.7. పై తరగతి మోటారులో రాగి అధికము, ఇనుప రేకులు మేలైనవి, బేరింగులును పంకాయును శ్రద్ధతో చేయబడినవి. కావున వెలయు నధికమే.

అధిక వెల పెట్టుట లాభమా నష్టమా యనుటకు లెక్కయే సాక్ష్యము. 750 వాట్ల పనికి ఐ.ఇ. 1 మోటారు 1040 వాట్లు తీసికొనును. అందు 290 వాట్లు వేడి. అదే పనికి ఐ.ఇ. 3 మోటారు 909 వాట్లు తీసికొనును. వేడి 159 వాట్లు. భేదము 131 వాట్లు. దినమునకు పండ్రెండు గంటల చొప్పున ఏడాదికి మున్నూఱు దినములు పూర్ణభారమున నడిచినచో ఒక్క మోటారుకడ మిగులునది 472 యూనిట్లు. ఎనిమిది సాంచాల కార్ఖానాలో 3,700 యూనిట్లకు పైమాటే. తమ బిల్లులోని యూనిట్ ధరతో దీనిని హెచ్చించి చూచుకొనుట ఇంట చదువుకొను పిల్లల పని. సాంచా పూర్ణభారము మోయనిచో మిగులు అంతకు తగ్గును; ఆ మాటయు మఱువరాదు.

లెక్కలో రూకలుగా కనబడని లాభము మఱియొకటి కలదు. ఎనిమిది ఐ.ఇ. 1 మోటారులు పూర్ణభారమున నడిచిన 2,300 వాట్లకు పైగా వేడిని ఆ గదిలోనే వదలును. అది రెండు పెద్ద విద్యుత్ కుంపట్లను వేసవిలో కార్ఖానా నడుమ వెలిగించి యుంచుటతో సమానము. ఐ.ఇ. 3 మోటారులైన ఆ వేడి 1,300 వాట్లకు దిగును. పండ్రెండు గంటలు నిలుచుండి నేయు కార్మికుని చెమట ఈ సంఖ్యలో నున్నది. దక్షత లేని మోటారు ఆసామి సంచిని మాత్రమే కాదు, కార్మికుని దేహమును కూడ కాల్చుచున్నది.

"పెద్ద మోటారు పెట్టిన మంచిది గదా" యని కొంద ఱందురు. అది సరి కాదు. అర హెచ్.పి. చాలినచోట ఒక హెచ్.పి. పెట్టినయెడల అది సగము బరువుతో తిరుగును. బరువు సగమైనను ప్రవాహము సగము కాదు. అయస్కాంత క్షేత్రమును నిలుపుటకు వలయు ప్రవాహము తగ్గదు గనుక. అట్లు పని చేయని ప్రవాహము తీగలలో వృథాగా తిరుగుటచే పవర్ ఫ్యాక్టరు పడిపోవును, దక్షతయు తగ్గును. చిన్నవాని భుజమునకు పెద్ద మూట ఎంత తగదో, పెద్దవానిని చిన్న మూటకై యుంచుకొనుటయు అంతే.

కాలిన మోటారునకు మరల తీగ చుట్టించుట మన యూళ్లలో వాడుక. నేర్పరి చేతిలో అది బాగుగనే యుండును. కాని పాత చుట్టను తీయుటకు మోటారును మంటలో విపరీతముగా కాల్చినను, మునుపటికన్న సన్నని తీగ చుట్టినను, చుట్లు తగ్గించినను దక్షత తగ్గును. రెండు మూడు మారులు చుట్టించిన మోటారు చౌకగా దొరికినట్లు కనబడి, ప్రతినెల బిల్లులో తన వెలను రాబట్టుకొనును.

ఈ మూడు గుణములును ఒకదానితో నొకటి ఎట్లు ముడివడియున్నవో స్పష్టపడుటకు మోటారు సైకిలు కాని మోటారుగల సైకిలు నొకదానిని చూతము. కొండదారులకై చేసిన విద్యుత్ సైకిళ్లు నేడు పెక్కు దేశములలో కలవు. 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్లకు మించక నడచు సైకిలునకు మన దేశపు నియమముల ప్రకారము రిజిస్ట్రేషను అక్కఱలేదు. జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఘాట్‌వంటి దారిని అట్టి సైకిలుపై ఎక్కుచున్నామనుకొందము. మనిషి, సైకిలు కలిసి నూఱు కిలోలు. పది మీటర్లకు ఒక మీటరు లేచు ఎక్కు. వేగము గంటకు తొమ్మిది కిలోమీటర్లు. అప్పుడు క్షణమునకు పావు మీటరు పైకి లేతుము. దానికి 245 వాట్లు వలయును. తొక్కువాని కాలి బలమును, గాలి యడ్డును లెక్కలో విడిచితిమి.

ఈ సైకిళ్లలో మోటారును బిగించు విధములు ముఖ్యముగా రెండు. ఒకటి చక్రపు నడిబొడ్డున. రెండవది పెడళ్ల నడుమ. చక్రమున నున్న మోటారు చక్రముతోపాటే తిరుగవలెను. ఎక్కులో చక్రము మెల్లనైన మోటారును మెల్లనై, బలమునకై అధిక ప్రవాహమును లాగును. దాని దక్షత అప్పుడు నూటికి 50కి పడెననుకొనిన, బ్యాటరీనుండి తీసికొనునది 490 వాట్లు, వేడి 245 వాట్లు. మూసిన పెట్టెవంటి ఆ చక్రమునుండి వేడి సులభముగా బయటపడదు. పెడళ్లకడ నున్న మోటారు గొలుసుద్వారా, చిన్న పెద్ద పండ్లచక్రముల ద్వారా పని చేయును. ఎక్కులో పెద్ద పండ్లచక్రమును పట్టినచో చక్రము మెల్లగా తిరిగినను మోటారు తనకు తగిన వేగముననే తిరుగును. దక్షత 80 నిలిచెననుకొనిన, తీసికొనునది 306 వాట్లు, వేడి 61 వాట్లే. గొలుసు త్వరగా అరుగుట దానిలోని లోపము. చదును నేలపై మొదటిదే సుఖము, చౌక. ఎక్కు దారికి రెండవది మేలు. చూచితిరా! పని ఒకటే, మోటారును దాని కిష్టమైన వేగమున ఉంచుటవలననే వేడి నాలుగవ వంతయ్యెను. సాంచాకు తగిన పుల్లీని ఏర్పఱచుటలోని మర్మమును ఇదియే.

కావున మన కార్ఖానాలలో చేయదగిన పనులు కొన్ని కలవు. వారమున కొకసారి విద్యుత్తు నాపి, మోటారుమీది దుమ్మును తుడువవలెను. బెల్టును మితిమీరి బిగింపరాదు. బేరింగునకు మితముగా గ్రీజు పెట్టవలెను. ఒక ఫేజు పోయిన వెంటనే విద్యుత్తును తెంచు రక్షక సాధనమును బిగింపవలెను. దాని వెల ఒక్కసారి తీగ చుట్టించుటతో పోల్చి చూచుకొనవలెను. క్రొత్త మోటారు కొనునపుడు వెలను మాత్రమే యడుగక, పలకమీది తరగతిని చదువవలెను. పాత మోటారు లన్నిటిని ఒక్కమారే మార్చుట బీద ఆసామికి తరము కాదు. కాలినది కాలినట్లు మేలైనదానితో మార్చుకొనుట తరమగును.

ఇంటిలో మోటారు పలకమీది యక్షరములను చదివి పెద్దలకు చెప్పగల వారు మా విద్యార్థులే. వాట్టును, వోల్టును, ఆంపియరును పరీక్షలకొఱకు మాత్రమే వల్లించక, తమ యింటి మీటరుకడ నిలిచి చూచినయెడల, భౌతికశాస్త్ర మనునది పుస్తకమున మాత్రమే యున్నది కాదనియు, తండ్రి నేయు గజము బట్టలో, తల్లి లెక్కించు నెల బిల్లులో నున్నదనియు వారికి తెలియగలదు.