ఆసనాలంకారం: పెళ్ళిపీట నుండి విందుకుర్చీ వరకు

ఇంటికి వచ్చినవారికి చేసే మొదటి మర్యాద కూర్చోమనడం. దేవతార్చనలోని షోడశోపచారాలలో సైతం ఆవాహనం కాగానే సమర్పించేది ఆసనమే. అర్ఘ్యమిచ్చి పూజింపదగినవారు ఆరుగురని పారస్కర గృహ్యసూత్రం చెప్పింది. ఆచార్యుడు, ఋత్విజుడు, పెండ్లికుమారుడు, రాజు, ఆప్తుడు, స్నాతకుడు ఆ ఆరుగురు. వీరిలో ఎవరు వచ్చినా ముందు ఆసనం తెప్పించి, దర్భలతో కూర్చిన విష్టరాన్ని ఇచ్చి, ఆ తరువాతనే పాద్యార్ఘ్యాలూ మధుపర్కమూ ఇవ్వాలి. గడ్డిపోచల కూర్పే అయినా, ఆదరంతో ఇచ్చినప్పుడు అది సింహాసనంతో సమానం.

సంస్కృతంలోని ‘పీఠం’ తెలుగువారి నోట ‘పీట’ అయినది. అయి, పెళ్ళి అనే మాటతో విడదీయరానంతగా పెనవేసుకొన్నది. ‘పీటలమీది పెళ్ళి’, ‘పీటలదాకా వచ్చిన సంబంధం’ అనే పలుకుబళ్ళు నేటికీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆ పీటకు మన గృహిణులు చేసిన అలంకారమెంత? పసుపు పూత, కుంకుమబొట్లు, బియ్యపుపిండితో ఒక ముగ్గు. వధూవరులు కూర్చోగానే ఆ ముగ్గులో చాలభాగం కనుమరుగవుతుంది. పీట తాను దాగి, కూర్చున్నవారిని చూపుతుంది. కొన్ని కుటుంబాలలో మేనమామ వధువును వెదురుబుట్టలో కూర్చుండబెట్టి మండపానికి తీసుకొని వస్తాడు. ఆ బుట్టకు ఎన్ని పూలు చుట్టినా, చూపరుల కళ్ళు పెళ్ళికూతురి ముఖం మీదనే నిలుస్తాయి.

నేటి విందువేదికపై తరచు కనిపించేది ఇందుకు విరుద్ధం. నిలువెత్తు వీపుతో, బంగారు పూతతో, ఎర్రని మఖమలుతో రెండు సింహాసనాలు. వాటి నడుమ ఎక్కడో వధూవరులు! ఎదుట వందలకొలది కుర్చీలు, అన్నిటికీ ఒకే తెల్లని తొడుగు, ఒకే పట్టుపట్టీ. పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో, తగని చోట పెట్టిన నగ నవ్వుల పాలు చేస్తుందన్నాడు. కావ్యానికి చెప్పిన ఈ న్యాయం కుర్చీకి మాత్రం వర్తించదా? కూర్చోవడానికి హాయిగా ఉన్నదా? కూర్చున్నవారు కనిపిస్తున్నారా? వేడుక ముగిసిన తరువాత మిగిలేది ఏమిటి? అలంకరించబోయేవారు ఈ మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలు.

మొదటిది హాయి. పూలచెండును కుర్చీ వీపు వెలుపలి వైపున, పై అంచుకు కట్టాలి. ఆనుకొనే చోట తడిపూలు ఉంటే పట్టుబట్టలకు మరకలు తప్పవు. గుండుసూదులు గుచ్చరాదు, నూలుదారం చాలును. మల్లెలు వేడికి త్వరగా వాడుతాయి. చేమంతులూ, వాసన లేకపోయినా కనకాంబరాలూ చాలసేపు నిలుస్తాయి. రెండు మామిడాకుల మధ్య ఒక్క రంగు పూలగుత్తి కట్టినా కుర్చీకి పెళ్ళికళ వస్తుంది.

రెండవది, చూపును మింగని అందం. పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ బట్టను అద్దుతారు. కరక్కాయ పట్టించిన నూలుపై దిగే ఆ రంగులకు పట్టు మెరుపు లేదు, కంటికి చల్లదనం ఉన్నది. ఆ బట్టను మూరెడు వెడల్పున కుర్చీవీపుకు చుడితే, తొడుగు అవసరమే లేదు. చేర్యాల నకాషీ చిత్రకారుల చేత పెళ్ళిపీటపై సీతాకల్యాణం వ్రాయించుకోవచ్చు. తాటాకు బొమ్మల పెళ్ళి ఆడిన పిల్లలకు తాటాకుతో చిలుకలూ, పూలూ అల్లి కుర్చీకి వ్రేలాడదీయడం కష్టమైన పని కాదు.

మూడవది, మిగిలేది. అలంకరణకు వాడే థర్మోకోలును, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. ఆకూ పూవూ మట్టిలో కలుస్తాయి. కలంకారీ గుడ్డ ఇంటికి వచ్చి దిండుగలీబు అవుతుంది. పీట మరొక శుభకార్యానికి పనికివస్తుంది.

వీటన్నిటికంటె పెద్ద విషయం మరొకటి ఉన్నది. ఎన్నో విందులలో పూలు కట్టిన కుర్చీలు అధికారులకూ ధనికులకూ మొదటి వరుసలో ఎదురుచూస్తూ ఉంటాయి. పెళ్ళికూతురికి అక్షరాలు దిద్దించిన పంతులుగారు గోడ ప్రక్కన నిలబడి ఉంటారు. మోకాళ్ళ నొప్పులతో వచ్చిన అమ్మమ్మకు చివరి వరుసలో వట్టి కుర్చీ దొరుకుతుంది. గృహ్యసూత్రకారుని వరుసలో ఆచార్యుడు మొదటివాడు, రాజు నాలుగవవాడు! కనుక ఇంటిలో పెళ్ళి తలపెట్టినప్పుడు పిల్లలు ఈ ఒక్క పనిని తమదిగా చేసుకోవచ్చు. నాలుగు కుర్చీలు వేరుగా ఉంచి, వాటికి తమ చేతులతో పూలు కట్టి, తాటాకుపై ‘మా గురువుగారికి’, ‘అమ్మమ్మకు’ అని వ్రాసి తగిలించి, వారు రాగానే చేయి పట్టుకొని తీసుకొనివచ్చి కూర్చుండబెట్టాలి. ఎంత ఖర్చుపెట్టి అలంకరించిన కుర్చీకైనా ఆ పిలుపుతోనే శోభ వస్తుంది.