జత కట్టే హక్కు ఎవరి చేతిలో ఉంది?

వానకాలం నాట్ల రోజుల్లో కోదాడ చుట్టుపక్కల బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ, తాటిమట్టలకూ గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. నాటు వేసే అక్కలు నడుము ఎత్తినప్పుడల్లా చూసేవే. ఆ గూళ్ళలో కొన్ని సగం అల్లి వదిలేసినవి ఉంటాయి. ఎందుకో గమనించారా?

గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకు, గడ్డి, తాటాకు పీలికలు చీల్చుకొచ్చి బోర్లించిన టోపీ లాగా సగం దాకా అల్లుతుంది. దానికి వేలాడి రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల దూరి చూస్తుంది. ఎత్తుగా ఉందా, కొమ్మ గట్టిదేనా, చోటు భద్రమేనా అన్నది దానికి ముఖ్యం. అల్లిక సొగసు కన్నా చోటు మీదే దాని కన్ను. నచ్చితే ఉంటుంది. అప్పుడు మగపిట్ట పొడుగు గొట్టం దారి అల్లి గూడు పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది, ఆ సగం గూడు అట్లాగే ఎండిపోతుంది. మగపిట్ట ఇంకోటి మొదలుపెడుతుంది తప్ప ఆడపిట్ట వెంటపడి చంపదు.

ఇది ఆదర్శ సంసారం అని మేము చెప్పడం లేదు. ఆడది గుడ్లు పెట్టగానే ఆ మగపిట్టే మరో గూడు అల్లి మరో ఆడపిట్టను పిలుస్తుంది. పిట్టల దగ్గర నీతి నేర్చుకోవలసిన గతి మనకు పట్టలేదు. విషయం వేరే ఉంది.

1871లో డార్విన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మగనెమలికి అంత తోక ఎందుకు వచ్చిందనే ప్రశ్నకు జవాబు రాశాడు. ఆ తోక బరువు, శత్రువుకు దొరికిపోవడానికి తప్ప బతకడానికి పనికొచ్చేది కాదు. అయినా తరతరాలుగా ఆడనెమళ్ళు మంచి తోక ఉన్న మగవాటినే కోరుకోవడం వల్ల అది పెరిగింది అన్నాడు. ఆనాటి పండితులు చాలామందికి ఇది మింగుడు పడలేదు. ఆడ జీవికి ఎంచుకునే తెలివా అని కొట్టిపారేశారు. అది సరైన మాటేనని శాస్త్రలోకం గట్టిగా ఒప్పుకోవడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

ఇక మన కొట్టంలోకి వద్దాం. గేదె ఎదకొస్తే ఏ దున్నతో దాటించాలో గేదె చెప్పదు, ఆసామి చెబుతాడు. ఈ రోజుల్లో దున్న కూడా అక్కర్లేదు. పశువుల దవాఖానకు తోలుకుపోతే ముర్రా జాతి సూది వేస్తారు. గొర్రెలకాపరి ఇరవై ముప్ఫై గొర్రెలకు ఒక విత్తనపు పొట్టేలును ఉంచుకుని మిగతావాటిని కోతకు అమ్ముతాడు. కోడెలకు విత్తులు నొక్కించి ఎద్దులను చేస్తారు. పాలూ, దూడా, సంతలో వచ్చే ధరా సొంతదారువి గనుక జత కూడా సొంతదారు ఇష్టమే. చెట్టు మీద ఉన్న ఆడజీవి తన జతను తానే చూసుకుంటుంది. కట్టుకొయ్యకు కట్టేసినదానికి యజమాని చూస్తాడు.

మన ఆడపిల్లలను ఏ లెక్కలో ఉంచారన్నదే మా ప్రశ్న.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికి వస్తుండగా, ఆమె కళ్ళ ముందే కత్తితో నరికి చంపారు. ఆ అమ్మాయిది పైకులం, ఆస్తిగల ఇల్లు. కిరాయి బేరం కోటి రూపాయలని పోలీసులు చెప్పారు. ప్రధాన ముద్దాయి అయిన అమ్మాయి తండ్రి తీర్పు రాకముందే 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

కూతురి ఇష్టానికి అంత కోపం ఎందుకు? పరువు అంటారు. ఆ పరువును కాస్త గీకి చూస్తే కింద భూమి కనబడుతుంది. 1967లో సాగర్ ఎడమకాల్వకు నీళ్ళొచ్చాక మిర్యాలగూడ, కోదాడ వైపు చవుడు చెలకలు కూడా వరిమళ్ళయ్యాయి, మిల్లులు లేచాయి, ఎకరానికి ధర పెరిగింది. దానితోపాటే కట్నమూ పెరిగింది. మన కూలి కులాల్లో అంతకుముందు మగపెళ్ళివారే ఓలి ఇచ్చేవారు. సరిపడకపోతే విడిపోయి మారుమనువు చేసుకునే వీలూ ఉండేది. కట్నం పైవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. పైగా 1985 నుంచి మన రాష్ట్రంలో, 2005 నుంచి దేశమంతటా హిందూ కుటుంబాల్లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. చట్టం మంచిదే. కానీ అల్లుడి కులం ఇప్పుడు గట్టు పంచాయతీ కూడా అయి కూర్చుంది.

అయితే అంతా భూస్వాముల మీదికే తోసేసి మనం చేతులు కడుక్కోలేం. 2025 జనవరి చివర సూర్యాపేట దగ్గర కాల్వకట్ట మీద మరో దళిత యువకుడి శవం దొరికింది. అతడు పెళ్ళాడిన అమ్మాయిది వెనుకబడిన కులం. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అమ్మాయి అన్నదమ్ములనే పోలీసులు అరెస్టు చేశారు. ఒకే మడిలో నాటు వేసి, ఒకే ట్రాక్టరులో ఇల్లు చేరే మన మధ్యన కూడా బువ్వ దగ్గర లేని కులం పెళ్ళి దగ్గర లేచి నిలబడుతోంది. కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలు మందు అని అంబేద్కర్ 1936లోనే రాశారు. ఆయన బొమ్మకు దండ వేసే మన ఇళ్ళలోనే ఎందరు పిల్లలను ఆ మాట మీద నిలబడనిచ్చాం?

మేజర్లయిన ఇద్దరు ఇష్టపడితే ఇంటివాళ్ళ అనుమతి, కులపెద్దల అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న చెప్పింది. ఆరు నెలలు తిరగకముందే ప్రణయ్ హత్య జరిగింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసు గోడకు అంటిస్తారు, 30 రోజులు ఆగాలి. గండం ఆ 30 రోజుల్లోనే. ఆ నోటీసు చదివే మొదటివాళ్ళు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఇట్లాంటి జంటలు తలదాచుకునేందుకు జిల్లాల్లో రక్షణ గృహాలు పెట్టే సంగతి చూడాలనీ, జిల్లాకో ప్రత్యేక పోలీసు విభాగం ఉండాలనీ అదే తీర్పులో ఉంది. సూర్యాపేటలో ఆ ఇల్లు ఏ వీధిలో ఉంది, నల్లగొండలో ఏ నంబరుకు ఫోను చేస్తే ఎవరు పలుకుతారు? ఈసారి కూలిరేట్ల అర్జీతో పాటు ఈ రెండు ప్రశ్నలూ రాసి, పది ఊళ్ళ సంతకాలతో కలెక్టరాఫీసుకూ, ఎస్పీ ఆఫీసుకూ ఇద్దాం. జవాబు కాగితం మీదనే తీసుకుందాం.