మట్టిలో దొరికిన నాణెం ఎవరిది?

దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో గుహవాసులు సుదీర్ఘ నిద్ర నుండి మేల్కొని, తమలో ఒకరి చేతికి వెండి నాణెమిచ్చి ఆహారం తెమ్మని పట్టణానికి పంపుతారు. ఆ నాణెంపై ఎన్నడో గతించిన రాజు ముద్ర ఉండటం వల్లనే అంగడిలో వారి సంగతి వెల్లడైందని వ్యాఖ్యాతలు వివరించారు. పాత నాణేనికి అంతటి సాక్ష్యబలం ఉంది.

అటువంటి నాణేలను వెతికే మెటల్ డిటెక్టర్లు నేడు ఎవరైనా ఆన్‌లైన్‌లో కొనుక్కోగలిగే వస్తువులయ్యాయి. శంకర్‌పల్లి సమీపాన ఉన్న దొంతన్‌పల్లిలో మా బంధువుల అబ్బాయి ఒకటి కొని, తండ్రి పొలంలో తొలిసారి పరీక్షిస్తుంటే నేనూ వెంట నడిచాను. నేలకు దగ్గరగా ఆడించే చక్రంలోని తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని ప్రభావంతో మట్టిలోని లోహంలో స్వల్ప విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటిని మరో తీగచుట్ట పసిగట్టగానే యంత్రం కూత పెట్టి, తెరపై ఒక అంకె చూపుతుంది. ఇనుముకు చిన్న అంకె, వెండికి పెద్ద అంకె. అయితే మందుబిళ్లల రేకుకూ, సన్నని బంగారు ఉంగరానికీ ఒకే అంకె రావచ్చు! ఎర్రమొరం, నల్లరేగడి నేలల్లోని ఇనుప ఖనిజం వల్ల యంత్రం ఊరికే కూస్తుంది గనుక ముందుగా దానిని ఆ నేలకు తగినట్లు సరిచేసుకోవాలి. అంత చేసినా జానెడు లోతు దాటిన చిన్న నాణెం అందడం కష్టం. పదుల అడుగుల లోతున ఉన్న లంకెబిందెలను చూపిస్తామంటూ లక్షలు అడిగేవారి మాటలో నిజమెంతో పాఠకులే ఊహించగలరు.

రెండు గంటల శ్రమకు మేకులు, సీసామూతలు, ఒక ఎద్దు నాడా, చివరకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రెండు పైల బిళ్ల దొరికాయి. అబ్బాయి సంతోషానికి మేర లేదు. వాళ్ల నాన్న మాత్రం, "బిందె దొరికితే ఏం చేస్తావురా?" అని అడిగాడు.

అది ఊరకే వేసిన ప్రశ్న కాదు. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో, అంతకు కొంతకాలం ముందే కొన్న భూమిని వెంచర్ కోసం చదును చేయిస్తుండగా నగలున్న రాగిబిందె బయటపడింది. అధికారులు దానిని స్వాధీనం చేసుకున్నారు. సరిగ్గా ఇటువంటి వృత్తాంతమే బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. పూర్వం ఒకతను కొన్న భూమిలో బంగారపు కుండ దొరికింది. నేను కొన్నది నేలనే గాని బంగారాన్ని కాదంటూ అతను దానిని అమ్మినవాడికి తిరిగి ఇవ్వబోయాడు. నేలతో పాటు అందులోని సమస్తమూ అమ్మేశానని రెండవవాడు నిరాకరించాడు. తీర్పరి ఒకరి కుమారునికీ మరొకరి కుమార్తెకూ వివాహం జరిపించి, ఆ ధనాన్ని వారి కోసం వెచ్చించి, దానధర్మాలు చేయమన్నాడు. ఒకే బిందె కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కే కాలంలో ఈ తగాదా ఎంత వింతగా ఉందో చూడండి.

మన దేశ చట్టం స్పష్టంగానే ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలిపి, ఖజానాలో అప్పగించాలి లేదా హామీ ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేక రెండూ. గత నూరేళ్ల లోపు దాచినవారి హక్కుదారులెవరూ లేరని తేలి, దొరికినవాడు, భూస్వామి వేరువేరు వ్యక్తులై, వారి మధ్య ఒప్పందం లేకుంటే ముప్పాతిక భాగం మొదటివాడికి, పాతిక భాగం రెండవవాడికి దక్కుతుంది. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువకు అదనంగా అయిదో వంతు చెల్లిస్తుంది. పాతిపెట్టిన నిధి, అనగా రికాజ్‌లో అయిదో వంతు ఇవ్వాలని దైవప్రవక్త (సల్లం) సెలవిచ్చినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఒకచోట అయిదో వంతు వస్తుంది, మరోచోట పోతుంది! రక్షిత కట్టడాల వద్ద తవ్వడం నేరం. ఖబరస్తాన్‌లో తవ్వకం గురించి చెప్పనే అక్కరలేదు.

ఇక్కడ నాణెంపై రాత మళ్లీ ముందుకొస్తుంది. ఇస్లాంకు పూర్వపు గుర్తులుంటే రికాజ్ అనీ, ఇస్లామీయ కాలపు గుర్తులుంటే పోగొట్టుకున్న సొమ్ముగా ఎంచి ఏడాది పాటు ప్రకటించాలనీ ధర్మవేత్తలు పేర్కొన్నారు. కనుక మట్టి దులపగానే చదవవలసింది రాతనే. నిజాం నాణెంపై 92 అంకె కనిపిస్తే, అది అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' నామం. అబ్దుల్లా కుతుబ్ షా రాగి నాణేలపై హిజ్రీ 1068తో పాటు, శుభంగా, సౌభాగ్యంతో ముగిసిందన్న అర్థం గల పలుకు ఉంటుంది. నాణెం మీద అటువంటి మాట ఏ రాజైనా ఎందుకు వేయిస్తాడు? అంతకు కొద్దికాలం ముందే, 1656లో, ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించాయి.

దొరికిన చోటు కూడా రాతంత ముఖ్యమే. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో నేలపై కనిపించిన నాణేలను సంగనభట్ల నరహరి శర్మ గారు ఏరి భద్రపరిచారు. పి.వి. పరబ్రహ్మ శాస్త్రి గారు వాటిని చదివారు. గోబద, నారన, సమగోప వంటి, చరిత్ర మరచిన పాలకుల పేర్లు అలా తెలిశాయి. శాతవాహనుల ఆరంభం తెలంగాణలోనేనన్న వాదానికీ అవి బలమిచ్చాయి. అవి ఏ ఒడ్డున దొరికాయో ఎవరూ గుర్తుంచుకోకపోతే ఈ వాదానికి ఆధారమే ఉండేది కాదు. దొంతన్‌పల్లి అబ్బాయి కూడా తన రెండు పైల బిళ్లను చిన్న కాగితపు పొట్లంలో కట్టి, దానిపై పొలం సర్వే నంబరు, తేదీ, ఎన్ని అంగుళాల లోతున దొరికిందీ రాసుకున్నాడు.